సీలియాక్ అంటున్నారు. మాది అన్నం తినే ఇల్లే కదా, చపాతీ మానేస్తే సరిపోతుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: రక్తపరీక్షలో సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) అనుమానం వచ్చింది, ఎండోస్కోపీ ఇంకా కాలేదు. అన్నం తినే ఇల్లు కాబట్టి చపాతీ, ఉప్మా మానేస్తే చాలని మీవాళ్ళు అంటున్నారు. ప్రసాదం లాంటివి కొంచెం తింటే ఏం కాదని మీ అత్తగారి మాట. నాకూ ఇదే జబ్బండి. మల్కాజిగిరిలో ఉమ్మడి కుటుంబంలో ఉంటూ కొన్నేళ్ళుగా గోధుమ లేకుండానే నెట్టుకొస్తున్నాను. నా అనుభవంలో తెలిసింది చెప్తాను.

ముందు అర్జెంటు సంగతి. ఎండోస్కోపీ అయ్యేవరకూ మీ అంతట మీరు గోధుమ మానకండి. ఆ పరీక్షలో చిన్నపేగు లోపలి పొర నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. ముందే మానేస్తే పేగు కోలుకోవడం మొదలవుతుంది, జబ్బు ఉన్నా ఆ ముక్కల్లో సరిగ్గా కనిపించకపోవచ్చు. ఇప్పటికే మానేసి ఉంటే డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పండి. మళ్ళీ ఎంత తినాలో, ఎన్నాళ్ళు తినాలో వాళ్ళే చెప్తారు.

ఇక అసలు ప్రశ్న. జబ్బని తేలాక చపాతీ ఒక్కటే మానేస్తే సరిపోదు. మనకి కళ్ళెదుట కనిపించే గోధుమను వదులుకోవడం పెద్ద కష్టం కాదు. ఇడ్లీ, పెసరట్టు, అన్నం, పప్పు, పులుసు, పెరుగు ఎలాగూ ఉన్నాయి. బొంబాయి రవ్వ, సేమియా, మైదా, బ్రెడ్డు, బిస్కెట్లు పక్కన పెడితే ఆ లెక్క అయిపోతుంది. గ్లూటెన్ బార్లీలో కూడా ఉంటుంది కాబట్టి బార్లీ నీళ్ళు, మాల్ట్ కలిపిన హెల్త్ డ్రింకులు కూడా వద్దు. కష్టమంతా కనిపించని గోధుమతోనే.

అందులో మొదటిది ఇంగువ. మీ వంటింట్లో ఉన్న ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చూడండి. అసలు ఇంగువ ఘాటు చాలా ఎక్కువ కాబట్టి మైదాయో గోధుమపిండో, జిగురో కలిపి అమ్ముతారు. పొడి ఇంగువలోనే కాదు, ముద్ద ఇంగువలో కూడా కలుపుతారు. ఇప్పుడు ఆ ఇంగువ ఎక్కడెక్కడికి వెళ్తుందో ఆలోచించండి: పప్పు తాలింపు, చారు పొడి, సాంబారు పొడి, పులిహోర, ఇంగువ వేసిన ఆవకాయ, మినప అప్పడాలు. మనం రోజూ అన్నంలో కలుపుకునే ప్రతిదానిలోకీ చిటికెడు చిటికెడుగా వస్తుంది. చపాతీ ముట్టని మనిషికి కడుపుబ్బరం తగ్గడం లేదంటే నేను మొదట అడిగేది ఇంగువ గురించే. బియ్యప్పిండితో చేసి, గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ఇంగువ దొరుకుతుంది. దొరక్కపోతే మానేయండి, వెల్లుల్లి, జీలకర్ర, మెంతులతో తాలింపు బాగానే ఉంటుంది.

రెండోది గిర్నీ. మనం జొన్నలు పట్టుకెళ్తాం, మన ముందు వాళ్ళు గోధుమలు పట్టించి ఉంటారు. మర మూతికి కట్టిన గుడ్డ గొట్టం దులిపితే చాలు, వాళ్ళ పిండి మన డబ్బాలో పడుతుంది. రాళ్ళ మధ్య ఇరుక్కున్నది సరేసరి. పొద్దున్నే వెళ్ళి ముందు కాస్త బియ్యం ఆడిస్తే పోతుందంటారు, నాకైతే ఆ నమ్మకం లేదు. మేము ఇంట్లో చిన్న పిండిమర పెట్టుకున్నాం, అందులో గోధుమ వేయం. అంత ఖర్చు వద్దనుకుంటే మిక్సీలో పట్టి కొత్త జల్లెడతో జల్లించుకోవచ్చు. విడిగా అమ్మే జొన్నలు, కొర్రలు, సామల్లో గోధుమ గింజలు కలిసి ఉండొచ్చు కాబట్టి పళ్ళెంలో పోసి ఏరి, కడిగి ఆరబెట్టుకోవాలి. 2023 చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి హైదరాబాద్‌లో ఇవి దొరకడం బాగా సులువైంది. కానీ బేకరీలో రాగి బిస్కెట్, మిల్లెట్ బ్రెడ్ అని రాసినంత మాత్రాన నమ్మకండి. చాలావాటిలో మైదానో గోధుమపిండో ఉంటుంది.

జొన్నరొట్టె నేర్చుకోండి, ప్రాణం లేచొస్తుంది. గోధుమలో ఉండే సాగే గుణం జొన్నలో లేదు కాబట్టి చల్లనీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి, చెయ్యి పట్టే వేడికి రాగానే అరచేతి మడమతో గట్టిగా మర్దించాలి. పొడి జొన్నపిండి చల్లుకుని తడుతూ తిప్పుతూ పెద్దది చేసి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడవాలి. ఆ తడి ఆరగానే తిప్పాలి. పాత పిండైతే ఎంత చేసినా అంచులు చీలుతాయి, అందుకే వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. సాయంత్రాలు రోడ్డు పక్కన కాల్చి అమ్మేవాళ్ళ దగ్గర కొనేముందు అదే పెనం మీద చపాతీలు కూడా చేస్తారేమో చూడండి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. "కొంచెమే కదా" అనేది ప్రేమతోనే అంటారు, కానీ ఈ జబ్బుకి ఆ లెక్క కుదరదు. షుగర్ ఉన్నవాళ్ళు ఒక స్వీటు తిని మర్నాడు సర్దుకున్నట్టు ఇక్కడ సర్దుకోలేం. గ్లూటెన్ తగలగానే మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగులో ఆహారాన్ని పీల్చుకునే సన్నని వేళ్ళలాంటి పొరని దెబ్బతీస్తుంది. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన. అంత తక్కువ అన్నమాట. నేను చెప్తే మా అత్తగారు కూడా నమ్మలేదు. తరవాతి అపాయింట్‌మెంట్‌కి ఆవిడను కూడా తీసుకెళ్ళాను, డాక్టరు గారు పేగు ఫొటో చూపించి వివరించారు. ఆ సాయంత్రమే నా గరిటెలకి, జల్లెడకి ఎర్రదారం కట్టి వేరే అరలో పెట్టారు. ఇప్పుడు ఎవరైనా చపాతీ పీట నా వైపు తెస్తే నాకంటే ముందు ఆవిడే అడ్డుపడతారు. మీరూ అలాగే తీసుకెళ్ళండి.

ప్రసాదం సంగతి మనసుకి కష్టమే. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వతోనే చేస్తారు. నేను చేతిలోకి తీసుకుని, కళ్ళకద్దుకుని, పక్కవాళ్ళకి ఇచ్చేస్తాను. స్వామికి మన ఆరోగ్యం మీద కోపం ఉంటుందని నేను అనుకోను. మా ఇంట్లో వ్రతానికి బియ్యపు రవ్వతో చేస్తున్నాం, పంతులు గారు అభ్యంతరం చెప్పలేదు. పండగల్లో బొబ్బట్లు, కజ్జికాయలు పోతాయి కానీ అరిసెలు, సకినాలు, సున్నుండలు, సర్వపిండి మనవే. ఇంట్లో, కొత్త నూనెలో చేసుకుంటే చాలు.

బయట తినేటప్పుడు మొహమాటపడకుండా అడగాలి. హోటల్ దోసె పిండిలో మైదా, రవ్వ కలుపుతారు కొన్నిచోట్ల, అదే పెనం మీద రవ్వదోసె కూడా పోస్తారు. ఇడ్లీ కాస్త నయం, అందులోనూ బొంబాయి రవ్వ కలిపారేమో కనుక్కోండి. సాంబారు వద్దు. మైసూరు బజ్జీ మైదానే, అదే నూనెలో వేసిన మిర్చి బజ్జీ కూడా మనకి పనికిరాదు. బిర్యానీలో బియ్యం, మాంసమే కదా అనుకుంటాం, కానీ దమ్ కోసం హండీ మూతకి చుట్టూ పిండి అంటిస్తారు, తీసేటప్పుడు ఆ పెచ్చులు లోపల పడతాయి. పిండి అంటించకుండా చేసేచోటే తింటాను, లేదంటే ఇంట్లోనే. హలీంకి గోధుమే ప్రాణం, కాబట్టి రంజాన్‌లో ఆ వైపు చూడను. ఇంట్లో జొన్న నూకతో వండుకుంటాం. అంత జిగురు రాదు గానీ నెయ్యి, మసాలా, వేయించిన ఉల్లిపాయల రుచి పూర్తిగా వస్తుంది.

వెంటనే తేడా కనిపించకపోతే టెన్షన్ పడకండి. పేగు మానడానికి నెలలు పడుతుంది, పెద్దవాళ్ళలో ఏడాది దాటినా దాటొచ్చు. మొదట్లో పాలు పడకపోవచ్చు, అది చాలామందికి తరవాత సర్దుకుంటుంది. ఐరన్, బీ12, విటమిన్ డీ పరీక్షల గురించి డాక్టరుని అడగండి. అలాగే మీ తోబుట్టువులకి, అమ్మానాన్నలకి, పిల్లలుంటే వాళ్ళకి కూడా, ఏ ఇబ్బందీ లేకపోయినా సరే, రక్తపరీక్ష చేయించండి. మా చెల్లికి అలాగే బయటపడింది. దానికి ఎన్ని మాత్రలు వేసుకున్నా తగ్గని రక్తహీనత తప్ప ఇంకే లక్షణమూ లేదు.