ఓజ్ కథకు బొమ్మలు వేసే ముందు

విశాఖపట్నం

చి. లావణ్యకు ఆశీస్సులు.

ఓజ్ మాంత్రికుడి కథను తెలుగులో బొమ్మల పుస్తకంగా తెస్తానన్నావు, సంతోషం. హక్కుల బెంగ అక్కర్లేదు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది, ఈ కథ రాసిన బామ్ 1919లోనే పోయాడు. అయితే 1900 నాటి మూలాన్నే పట్టుకో. కథలోని పిల్ల డొరొతీ ఎర్ర జోళ్లు 1939 సినిమావాళ్లవి, మూలంలో ఉన్నవి వెండి జోళ్లు. ఎరుపు వేశావో, మూలాన్ని వదిలి సినిమాను అనుకరించినట్టే.

ముందు పేజీలు లెక్క కట్టు. 32 పేజీల్లో మొదటి మూడూ పేరుకూ వివరాలకూ పోతాయి. 4 నుంచి 31 దాకా పద్నాలుగు జోడు పేజీలు కథకు మిగులుతాయి. మూలంలో 24 అధ్యాయాలు! మాంత్రికుడి బెలూన్ వెళ్లిపోయాక వచ్చే పింగాణీ ఊరు, కొట్లాడే చెట్లు మొహమాటం లేకుండా తీసెయ్, నేరుగా మంచి మంత్రగత్తె గ్లిండా దగ్గరికి వచ్చెయ్. వెండి జోళ్లు మాత్రం డొరొతీకి దొరికినప్పటినుంచీ ప్రతి బొమ్మలో కనబడాలి. లేకపోతే చివర్లో ఇల్లు చేరడానికి ఆ జోళ్ల మడమలు మూడుసార్లు తట్టడం పిల్లలకు ఎక్కడినుంచో ఊడిపడినట్టుంటుంది. ఇల్లు చేరడం 32వ పేజీలో చిన్న బొమ్మగా చాలు.

జోడు పేజీకి ముప్పై మాటలు మించనివ్వకు. సింహం వణుకుతున్నట్టు బొమ్మ చెబుతుంటే కింద మళ్లీ ‘సింహం వణికింది’ అని రాయడమెందుకు? అది ఏమందో రాయి. ప్రశ్న కుడిపేజీ చివర పెట్టు, జవాబు పేజీ తిప్పితేనే దొరకాలి.

రంగుల దారి బామే వేసిపెట్టాడు: డొరొతీ ఇల్లున్న కాన్సాస్ బూడిదరంగు, మంచ్‌కిన్ల దేశం నీలం, వింకీలది పసుపు, దక్షిణాన ఎరుపు. తొలి ముద్రణకు బొమ్మలు వేసిన డెన్‌స్లో కూడా చోటు మారినప్పుడల్లా రంగు మార్చాడు. నీకు కష్టం మాంత్రికుడుండే మరకత నగరంతోనే. కంప్యూటర్ తెరమీద తళతళలాడే ఆకుపచ్చ నాలుగు రంగుల అచ్చులో మసకబారుతుంది. దాన్ని ఇంకా చిక్కన చేస్తే నల్లబడుతుందే తప్ప మెరవదు. చుట్టూ కాగితం తెలుపు వదిలి, దానికి ముందు పేజీని మట్టిరంగుల్లో ఉంచు, అప్పుడు కన్నే దాన్ని మెరిపిస్తుంది. అక్కడివాళ్ల ఆకుపచ్చ కళ్లద్దాలు మరిచిపోకు, పిల్లలకు అదే తమాషా.

కథ మొదట్లో డొరొతీ ఇంటిని ఎత్తుకుపోయే తుఫానుంది కదా, తుఫానంటే మనవాళ్ల కళ్లలో 2014 హుద్‌హుద్ మెదులుతుంది. కాన్సాస్‌లో సముద్రమూ లేదు, ఒరిగే కొబ్బరిచెట్లూ లేవు. చదును నేలమీద గరాటులాంటి సుడిగాలి, అంతే.

నీటిరంగులైతే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం తీసుకుని నాలుగువైపులా టేపు వెయ్యి. మన సముద్రపు గాలికి కాగితంలో చెమ్మ ఉంటుంది, పై పూత తొందరపడితే కింది రంగు లేచి బురదవుతుంది. ఆరిన వెంటనే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించు. వానాకాలంలో అట్టపెట్టెలో పెడితే బూజు మచ్చలొస్తాయి.

కత్తిరింపులో పోయేందుకు బొమ్మను పేజీ అంచు దాటి 3 మి.మీ. ఎక్కువ వెయ్యి. ముఖాలు మడతలో పడనివ్వకు. అక్షరాలు 18 పాయింట్లు, వరుసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లకు పైనే ఉండాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అక్షరాల నలుపు ఒక్క నల్ల ప్లేటులోనే (అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది) ఉండాలని డీటీపీ అబ్బాయికి గట్టిగా చెప్పు. నాలుగు రంగులూ కలిపితే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా వత్తుల చుట్టూ రంగు గీతలొస్తాయి.

అచ్చుకు ముందు తెల్లకాగితాలు మడిచి నమూనా కట్టి, మీ ఎంవీపీ కాలనీ పిల్లలకు పైకి చదువు. ఎక్కడ వాళ్లు నీకంటే ముందే పేజీ తిప్పబోతారో అక్కడ మాటలు ఎక్కువైనట్టు, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.

మీ పెద్దమ్మ