ఒత్తిడి సరే, ఆ నిద్రమాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: నా వయసు 22. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో ఒత్తిడిని కొలిచే పది ప్రశ్నలకు జవాబులిస్తే 40కి 29 వచ్చింది. నిద్ర పట్టక, సీనియర్ ఇచ్చిన ఆల్‌ప్రజోలామ్ మాత్రను రెండు నెలలుగా రోజూ రాత్రి వేసుకుంటున్నాను. చదివింది గుర్తుండటం లేదు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరా?

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో నన్ను కలవరపెట్టింది ఆ మాత్ర. ఆల్‌ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలను దుకాణంలో మూడేళ్లు భద్రపరచాలి. ఇంత కట్టడి ఎందుకంటే, రోజూ వాడితే కొద్ది వారాల్లోనే శరీరం దానికి అలవాటుపడి, పాత మోతాదు చాలదనిపిస్తుంది. పైగా కొత్తగా నేర్చుకున్నది మెదడులో నిలవనివ్వకపోవడం ఈ తరగతి మందుల స్వభావం కనుక, మీ మతిమరుపుకు ఒత్తిడి, నిద్రలేమితో పాటు మీరు నమ్ముకున్న మాత్ర కూడా కారణం కావచ్చు. సీనియర్ మీ మేలు కోరే ఇచ్చి ఉంటారు. కానీ ఆయనకు పడిన మందు మీకూ పడుతుందని ఎలా అనుకున్నారు? రెండు నెలల క్రితమే డాక్టర్‌ను కలిసి ఉంటే అసలు మాత్ర అవసరమే పడకపోయేదేమో.

అలాగని ఈ రాత్రి నుంచే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర మరింత చెదిరి, చేతులు వణికి, గుండెదడ మొదలవుతుంది. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మోతాదును ఎన్ని వారాల్లో, ఎంతెంత తగ్గించాలన్నది మిమ్మల్ని పరీక్షించిన మానసిక వైద్యులు నిర్ణయించాలి; చూడకుండా నేను చెప్పడం సరికాదు. అప్పటిదాకా మద్యం, మరో నిద్రమాత్ర, మత్తునిచ్చే దగ్గు సిరప్ దీనితో కలవకూడదు, శ్వాస మందగించే ప్రమాదం ఉంది.

ఇక ఆ 29. మనస్తత్వవేత్త షెల్డన్ కోహెన్ బృందం 1983లో ప్రచురించిన ఒత్తిడి స్కేలుకు మీరు జవాబిచ్చిన ఆ పది ప్రశ్నలు సంక్షిప్త రూపం. మీకొచ్చిన స్కోరు, గడిచిన నెలలో పరిస్థితులు చేయి దాటిపోయినట్టు మీకెంతగా అనిపించిందో చెబుతుందే తప్ప రోగ నిర్ధారణ చేయదు. సాధారణంగా 27 నుంచి ఎక్కువ ఒత్తిడిగా పరిగణిస్తారు కనుక తేలిగ్గా మాత్రం తీసుకోకండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు అవసరమేమో మీ డాక్టర్ చూస్తారు; టానిక్ మాట ఆ తర్వాతే. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ మానండి.

బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, గదిలో ఒంటరిగా ఉండకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టర్ దగ్గరకు ఈ వారంలోనే వెళ్లండి, ఆ మాత్రల స్ట్రిప్‌ను కూడా వెంట తీసుకెళ్లండి.