మైదానానికి దూరంగా ఉండేవారికే ఒకే పొడవు ఐరన్లు ఎక్కువ ఉపయోగం

శ్రీకాకుళంలో ఉంటూ వీలున్నప్పుడు విశాఖ వెళ్లి గోల్ఫ్ ఆడతానని, ఒకే పొడవు ఐరన్లకు (లోహపు తల ఉండి, అన్నీ సమానమైన పొడవుండే గోల్ఫ్ కర్రలకు) మారితే లాభం ఉందా అని అడిగారు. ఉంది. రోజూ మైదానంలో అడుగుపెట్టగలిగేవారి కంటే మనలాంటివారికే ఎక్కువ ఉంది. నేను విజయనగరంలో ఉంటాను. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కు వెళ్లాలంటే సెలవురోజు కుదరాలి. మిగతా రోజుల్లో పెరట్లో కట్టిన వలలోకి కొట్టుకోవడమే నా సాధన.

మామూలు సెట్టులో ఒక్కో నంబరుకు పొడవు దాదాపు అర అంగుళం చొప్పున మారుతుంది. ఐదో నంబరు సుమారు 38 అంగుళాలుంటే తొమ్మిదో నంబరు 36 దగ్గర ఉంటుంది. దాంతో బంతికి ఎంత దూరంలో నిలబడాలి, నడుము ఎంత వంచాలి, బంతిని పాదాల మధ్య ఎక్కడ ఉంచాలి అన్నవన్నీ మారాలి. సాయంత్రం దొరికే కాస్త వెలుతురులో వీటన్నిటికీ సమయం ఎక్కడిది? ఏడో నంబరు చేతికి కుదిరే సమయానికి ఐదో నంబరు పట్టు తప్పేది.

ఒకే పొడవు సెట్టులో అన్నీ దాదాపు ఏడో నంబరంత ఉంటాయి. క్లబ్ (అంటే కర్ర) తల బరువు, షాఫ్ట్ (కర్ర కాడ) వాలు కూడా ఒకటే. మారేది లాఫ్ట్ మాత్రమే, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలి ఉండే కోణం. అందుకే వలలో ఒక్క ఏడో నంబరుతో చేసిన సాధన మిగతా ఐరన్లన్నిటికీ పనికొస్తుంది. క్లబ్ ముఖానికి కొంచెం పౌడరు పూసి కొడితే బంతి తగిలిన చోట ముద్ర పడుతుంది. మారిన తర్వాత నా ఐదో నంబరు మీద ఆ ముద్రలు మధ్యలోకి చేరడం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. టామీ ఆర్మర్ కంపెనీ 1980ల చివర్లోనే ఈక్యూఎల్ పేరుతో ఇలాంటి సెట్టు అమ్మింది. ఆ తర్వాత అమెరికన్ గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో ఐరన్లన్నీ 37.5 అంగుళాలకు చేయించుకుని 2015లో యూఎస్ అమెచ్యూర్, 2020లోనూ 2024లోనూ యూఎస్ ఓపెన్ గెలిచాడు. అయితే అతని స్వింగ్ వేగం మనకు లేదు. అసలు ఇబ్బంది వచ్చేది అక్కడే.

నాలుగు, ఐదు నంబర్ల షాఫ్ట్ పొట్టిదవుతుంది కాబట్టి వేగం తగ్గి, బంతి తక్కువ ఎత్తులో వెళ్తుంది. ఐదుకూ ఆరుకూ మధ్య దూరంలో తేడా బాగా తగ్గిపోవచ్చు. నేను నాలుగో నంబరు తీసేసి, బంతిని తేలిగ్గా పైకి లేపే హైబ్రిడ్ అనే క్లబ్ పెట్టుకున్నాను. దగ్గరి దెబ్బలకు వాడే, ఎక్కువ లాఫ్ట్ ఉన్న వెడ్జ్ దీనికి పూర్తిగా విరుద్ధం. షాఫ్ట్ పొడవు పెరగడంతో బంతి మరీ ఎత్తుకు లేచి, అనుకున్నదానికంటే దూరం పోతుంది. సముద్రపు గాలి వీచే వేళ అది మరింత కష్టం. గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) పక్కన చిన్న దెబ్బలకు నా పాత శాండ్ వెడ్జే నమ్మకం, దాన్ని మార్చలేదు.

కొనే ముందు మీ ఐదో నంబరును కిందికి పట్టుకుని, ఏడో నంబరు పొడవుకు తెచ్చి కొట్టి చూడండి. తల తేలికగా అనిపిస్తుంది, దూరం సరిగ్గా తేలదు. కానీ ఆ నిలబడే తీరు మీ ఒంటికి నప్పుతుందో లేదో తెలిసిపోతుంది.