చలి సంగతి తర్వాత, ముందు మొవ్వు సంగతి

జయనగర్, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. యలహంక ఇల్లు ముచ్చటగా ఉంది. కోడలుపిల్ల వరండాలో పెట్టిన తులసికోట మరీ బాగుంది. ఇక నర్సరీలో నీకు చూపించిన ఆ మ్యూల్ పామ్ అనే సంకర తాళజాతి (తాటి, కొబ్బరి లాంటి) మొక్క గురించి అడిగావు కదా. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను. కాగితం దాచుకో.

నీ మొదటి ప్రశ్న, అది చలికి తట్టుకుంటుందా అని. తట్టుకుంటుంది నాన్నా, కానీ ఆ ప్రశ్న నీకు అక్కరలేదు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉన్నా, ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. అదీ 1884 జనవరిలో. పుష్యమాసపు తెల్లవారుజామున మనం శాలువా కప్పుకుంటాం తప్ప, ఇక్కడ మంచు పడి ఆకు మాడిపోదు. మ్యూల్ పామ్ సున్నా కంటే ఏడెనిమిది డిగ్రీలు కిందికి దిగినా బతుకుతుందని పేరు. ఆ గుణం కోసం నర్సరీవాళ్ళు అదనంగా అడుగుతున్న డబ్బు నువ్వు ఇవ్వనక్కరలేదు. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యకైతే ఆ గుణం కూడా చాలదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా కింద 19 డిగ్రీల దాకా పడిపోయింది. వాడు అడిగితే నీడిల్ పామ్ వేసుకోమను. పొట్టిగా పొదలా ఉంటుంది, అందానికి కాస్త తక్కువే, కానీ చలికి తాళజాతిలో దానిని మించినవి అరుదు.

మరి నీకు ఆ మొక్క ఎందుకు అంటావా? అందం కోసం. దాని తల్లి బ్యూటియా. దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే గడ్డి మైదానాల చెట్టు. నీలిబూడిద రంగు మట్టలు విల్లులా వంగి నేలవైపు చూస్తుంటాయి. ముళ్ళ మట్ట, నిదానపు ఎదుగుదల, గట్టి ప్రాణం. తండ్రి క్వీన్ పామ్. అదీ దక్షిణ అమెరికాదే. నున్నటి మాను, ఈకల్లాంటి మెత్తని ఆకులు, గబగబా పెరిగే స్వభావం, చలికి మాత్రం సున్నితం. ఈ రెండింటినీ కలిపితే తల్లి ఓర్పు, తండ్రి ఒయ్యారం వచ్చాయి. కంచర గాడిదకు (మ్యూల్‌కు) సంతానం లేనట్లే దీనికీ దాదాపుగా గింజ కట్టదు, ఇంగ్లీషువాళ్ళ పేరు అందుకే. దీని శాస్త్రీయ నామంలో ఉన్న నబోనాన్ అనే పేరు ఫ్రాన్సు దక్షిణ తీరాన గులాబీలు పెంచిన ఒక కుటుంబానిది.

మన కోనసీమవాళ్ళకు సంకరం కొత్తేమీ కాదు. మీ తాతగారి తోటలో గట్టు పక్కన ఉన్న గోదావరి గంగ చెట్లు గుర్తున్నాయా? తూర్పు తీరపు పొడుగు కొబ్బరికి గంగబొండాం అనే పొట్టి కొబ్బరి కలిపి అంబాజీపేట పరిశోధన కేంద్రంవాళ్ళు తీసిన రకం అది. ఆ చెట్టు కాయ పాతితే మళ్ళీ అదే చెట్టు రాదని తాతగారు అందరికీ చెప్పేవారు. మ్యూల్ పామ్‌లో పాతడానికి దాదాపుగా గింజే ఉండదు. ప్రతి మొక్కనూ మనిషి చేత్తో పుట్టించాలి. బ్యూటియా పూగెలలో మగపూలు ముందు విచ్చుకుంటాయి. అవి విచ్చుకోకముందే ఒక్కొక్కటీ గిల్లేసి, గెలకు సంచి కట్టి, ఆడపూలు సిద్ధమైన రోజున క్వీన్ పామ్ పుప్పొడి చల్లాలి. ఆ గింజలు మొలకెత్తడానికి నెలలు పడుతుంది. అందుకే ఖరీదు. అందుకే మోసం కూడా.

మొక్క చిన్నగా, ఆకులు చీలకుండా రిబ్బనులా ఉన్నప్పుడు అది సంకరమో, ఉత్త క్వీన్ పామో నాలాంటివాళ్ళం కచ్చితంగా చెప్పలేం. నువ్వు పంపిన రెండో ఫొటోలోని చిన్న మొక్కలు ఆ వయసువే. వాటి జోలికి వెళ్ళకు. మూడో ఫొటోలోని పెద్దదానికి ఆకులు చీలాయి, రంగులో కొంచెం బూడిద ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు మట్ట అడుగుభాగం అంచును బొటనవేలితో తడిమి చూడు. బ్యూటియాకైతే ముళ్ళు గుచ్చుకుంటాయి, క్వీన్ పామ్‌కైతే జారిపోయేంత నునుపు. సంకరానికి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది: పొట్టి పీచు, అరిగిపోయిన రంపం పళ్ళలాంటి గరుకు. వేలికి ఆ గరుకు తగిలితే కొను. తగలకపోతే నర్సరీవాళ్ళు ఎంత తియ్యగా మాట్లాడినా వచ్చేయి.

అన్నయ్య పెట్టెలో పెట్టుకుని రెండు మొక్కలు తెస్తానన్నాడని రాశావు. వద్దని గట్టిగా చెప్పు. అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువీకరణ లేకుండా విదేశీ మొక్కలు తేవడం మన చట్టానికి విరుద్ధం. చట్టం మాట అటుంచినా, టెక్సస్‌లో, ఫ్లోరిడాలో లీథల్ బ్రాంజింగ్ అనే తెగులు ఈత, ఖర్జూర జాతులను, క్వీన్ పామ్‌లను చంపుతోంది. ఒక పురుగో, తెగులో సముద్రం దాటితే ఏమవుతుందో కొబ్బరి మానును తొలిచే మన ఎర్ర ముక్కు పురుగే సాక్ష్యం. ఈ ప్రాంతపు పురుగు అది. 1980లలో గల్ఫ్ దేశాలకు చేరింది, 1990లలో స్పెయిన్ చేరింది. అక్కడి ఖర్జూరం తోటలు, కానరీ ఈతచెట్లు దాని పాలబడ్డాయి. మన కొబ్బరికి అలాంటి గతి మన చేతులతో పట్టించకూడదు.

ఇక చోటు. ఈశాన్యంలో చెట్టు వద్దని మీ మామగారు అన్నారట. ఆయన మాటే నెగ్గనివ్వు, ఎందుకంటే నీ సంపు అక్కడే ఉంది. రేపు సంపు బాగుచేయాలంటే చెట్టు పాదు తవ్వాల్సి వస్తుంది. పడమటి గోడ పక్కన, గోడకు కనీసం పది అడుగుల దూరంలో పెట్టు. పెద్దయ్యాక మట్టలు నాలుగు వైపులా ఏడెనిమిది అడుగులు చాస్తుంది. పైన కరెంటు తీగలు లేకుండా చూసుకో. వేళ్ళు పునాదిని పగలగొడతాయేమో అని కోడలు భయపడుతోందన్నావు. భయం లేదు. తాళజాతి వేళ్ళు మర్రి, రావి వేళ్ళలా లావెక్కవు, పుట్టినప్పుడు ఎంత లావో చివరికీ అంతే.

నన్ను నిజంగా భయపెడుతున్నది నీ నేల. కొత్త ఇంటి చుట్టూ ఉండేది మట్టి కాదు, మేస్త్రీలు వదిలేసిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, సున్నం. పైకి ఎర్రమట్టి పరిచి చదును చేసి ఇస్తారు. రెండడుగులు తవ్వి చూడు, నీకే తెలుస్తుంది. ఆ సున్నం వల్ల నేల క్షారమై, మాంగనీసు నేలలో ఉన్నా వేరుకు అందదు. అప్పుడు కొత్తగా వచ్చే ఆకు మాడినట్లు, ముడుచుకుపోయినట్లు వస్తుంది. క్వీన్ పామ్ వంశానికి ఈ జబ్బు ఎక్కువ, దాని బిడ్డకూ ఆ అవకాశం ఉంది. పైగా బోరు నీళ్ళు కఠినంగా ఉంటే రోజురోజుకూ మరికొంత క్షారం చేరుతుంది. కాబట్టి నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తవ్వించి, ఆ పెళ్ళలన్నీ ఏరించి, మంచి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపు. గొయ్యిలో ఒక బకెట్టు నీళ్ళు పోసి ఎంతసేపటికి ఇంకుతాయో చూడు. గంటలు గడిచినా నిలిచి ఉంటే ఆ చోట మొక్క పెట్టకు, లేదా అడుగున్నర ఎత్తు దిబ్బ వేసి దాని మీద పెట్టు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఈ ఊరి నేల ఎలా నానుతుందో నీకు తెలుసు కదా.

నాటేది జూన్ మొదటి వానల తర్వాత. సంచిలో మట్టి ఏ మట్టంలో ఉందో నేలలోనూ అదే మట్టంలో ఉండాలి. మెరకలో కొబ్బరికి లోతుగా గొయ్యి తీసి అడుగున పాతడం మనకు అలవాటు, దానిని ఇక్కడికి తేవద్దు. మొదలు మట్టిలో మునిగితే వేరుకు గాలి ఆడదు. వేళ్ళ ముద్ద చెదరనివ్వకు. ఆసరాగా కర్ర పాతితే మెత్తటి గుడ్డతో కట్టు, మేకు మాత్రం కొట్టకు. మామిడి మాను గాయం పూడ్చుకుంటుంది, తాళజాతి మాను పూడ్చుకోలేదు. కొట్టిన మేకు చెట్టు ఉన్నంతకాలం గాయమే.

మొదటి ఏడాది వానలు లేని రోజుల్లో వారానికి రెండుసార్లు పాదు నిండా నీళ్ళు పెట్టు. పైపుతో మొవ్వులోకి, అంటే నడినెత్తిన కొత్త ఆకు పుట్టే చోటికి, కొట్టకు. 2024 మార్చిలో తాగునీటిని మొక్కలకు వాడితే అయిదు వేల రూపాయల జరిమానా అన్నారు, గుర్తుంది కదా. వాన నీటి తొట్టి కట్టించుకున్నావు కాబట్టి వేసవికి ఆ నీళ్ళే దాచు. కఠినమైన బోరు నీళ్ళ కంటే చెట్టుకు అవే మేలు.

నాటిన కొన్నాళ్ళకు మొక్క బతికిందా లేదా అని నీకు ఆరాటం మొదలవుతుంది. దానికి నేను చేసే పని ఒకటుంది. మధ్యలో ఇంకా విచ్చుకోని ఆకు కత్తిలా నిలబడి ఉంటుంది చూడు, దాని మీదా, పక్కనున్న మట్ట మీదా కలిసేలా మార్కరుతో ఒక అడ్డగీత గీయి. వారం తర్వాత చూస్తే గీత రెండు ముక్కలుగా విడిపోయి, మధ్యలోది పైకి జరిగి ఉంటుంది. వెంట్రుకంత జరిగినా మొక్క పని చేస్తున్నట్లే. నెల గడిచినా గీత కదలకపోతే ఆ ఆకును రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగు. గట్టిగా ఉంటే కంగారు పడకు, వేళ్ళు కుదురుకుంటున్నాయన్నమాట. ఊడి చేతికి వచ్చి, అడుగున మెత్తగా కుళ్ళి వాసన వేస్తే మొవ్వు కుళ్ళు. వెంటనే కుళ్ళినదంతా తీసి ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పోయాలి. ఇలాంటి ఒంటిమాను తాళజాతి చెట్టుకు కొమ్మలు ఉండవు నాన్నా, పక్క నుంచి చిగురు రాదు. ఒక్క మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్లే. చలిదేశాల్లోనూ మంచుకు ఆకులు మాత్రమే మాడితే చెట్టు చాలాసార్లు తేరుకుంటుంది, మొవ్వు కుళ్ళితే మాత్రం చస్తుంది.

మా పెరట్లో నైరుతి మూల కొబ్బరి చెట్టు నీ చిన్నప్పుడు ఉండేది. ఎలా పోయిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ వదిన పెళ్ళికి వాకిట్లో పచ్చి కొబ్బరాకుల పందిరి వేయాలని నేనే పట్టుబట్టాను. చెట్టెక్కిన మనిషి పదో పన్నెండో పచ్చి మట్టలు మానుకు ఆనించి నరికాడు. పందిరి చూసి అందరూ మెచ్చుకున్నారు. నాలుగు నెలల తర్వాత ఒకరోజు మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే చెట్టు వైపు నుంచి పులిసిన కల్లు వాసన వచ్చింది. దగ్గరకు వెళ్ళి చూస్తే మాను మీద వేలుపట్టేంత రంధ్రం, దాని నుంచి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయి, నమిలి ఊసినట్లున్న పీచు అంచున వేలాడుతోంది. చెవి ఆనించి విన్నాను. లోపల ఎవరో చెరకు నములుతున్నట్లు కరకరమని చప్పుడు. అప్పటికే ఆలస్యమైంది. పదిహేను రోజుల్లో తల వాలిపోయింది. కొట్టించినప్పుడు మానులో బొటనవేలంత పురుగులు, పీచుతో అల్లిన గూళ్ళు. ఎర్ర ముక్కు పురుగు పచ్చి గాయం వాసన పట్టుకుని వచ్చి గుడ్లు పెడుతుంది. ఆ గాయాలు చేయించింది నేను. ఇరవై రెండేళ్ళ చెట్టు.

అందుకే చెబుతున్నాను, పచ్చి మట్ట కోయవద్దు. పూర్తిగా ఎండి దానంతటది వేలాడేదాకా ఆగు. తప్పనిసరిగా కోయాల్సి వస్తే మాను నుంచి మూడు నాలుగడుగుల మట్ట వదిలి కోసి, కోసిన చోట తారు పూయి. సంక్రాంతికి, గృహప్రవేశ వార్షికానికి చెట్టును నీట్‌గా చేస్తామని వచ్చే మనుషులను గేటు దగ్గరే పంపేయి.

కొమ్ము పురుగు ఇంకొకటి. మొవ్వులోకి దూరి విచ్చుకోని ఆకును కొరుకుతుంది. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించిన విసనకర్రలా కనిపిస్తే అదేనని తెలుసుకో. అది చేసిన కన్నం ఎర్ర ముక్కు పురుగుకు వాకిలి. పెద్ద చెట్టుకు పావుకిలో వేపపిండిలో అంతే ఇసుక కలిపి పైమట్టల సందుల్లో వేస్తారు. నీ మొక్కకు గుప్పెడు చాలు, మూడు నెలలకొకసారి వేయి. ఆ పురుగు పెరిగేది పేడకుప్పల్లో, కుళ్ళిన మొద్దుల్లో. పక్క ఖాళీ సైటులో ఎవరో పేడ పోయిస్తున్నారని రాశావు కదా, మంచి మాటతో తీయించు.

ఎరువుల గురించి ఎక్కువ చెప్పను. మాగిన పశువుల ఎరువు, ఏడాదికి రెండుసార్లు పొటాష్, మెగ్నీషియం సల్ఫేట్ కొద్దికొద్దిగా. యూరియా ఒక్కటే వేయడం మాత్రం చెరుపు. కింది ఆకుల మీద నారింజరంగు చుక్కలు వస్తే పొటాష్ తక్కువైందన్నమాట. చూడ్డానికి బాగాలేదని ఆ ఆకు తీసేయకు. చెట్టు ఆ ముసలి ఆకులోంచే పొటాష్ లాక్కుని కొత్త ఆకుకు పంపుకుంటోంది. కొత్త ఆకు కొన ముడుచుకుని కొక్కెంలా వస్తే బోరాన్ లోటు. దానికి బోరాక్స్ నన్ను అడగకుండా వేయకు, మోతాదు మించితే విషం.

మొదటి రెండు మూడేళ్ళు అది ఎత్తు పెరగదు. నేలలో మొదలు లావు కట్టుకున్నాకే మాను లేస్తుంది. ఆ రోజుల్లో మీ మామగారు, పక్కింటివాళ్ళు ఏదో ఒకటి అంటారు. నువ్వు గీత గీసి చూసుకుంటూ ఉండు.

జూన్ మొదటి ఆదివారం నేను, మీ మామయ్య వస్తాం. వేపపిండి సంచి, మా గోనెలోని పాత పశువుల ఎరువు కారులో వేసుకొస్తాను. ఆలోగా గొయ్యి తవ్వించి, పెళ్ళలు ఏరించి, బకెట్టు నీళ్ళు ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసిపెట్టు. మొక్క కొంటే నీడలో ఉంచు, నేను వచ్చేదాకా సంచి విప్పకు. కోడలుకు, పిల్లలకు దీవెనలు.

మీ అత్తయ్య