తోయిచ్ మేత, కీర్ నది: డింకాల గురించి మీ ప్రశ్నలకు పశువుల డాక్టరు జవాబులు

పోయిన నెల గాలికుంటు టీకాల గురించి రాస్తూ, తొంభైల్లో ఒక సహాయ సంస్థ తరఫున దక్షిణ సూడాన్ వెళ్లి అక్కడి డింకాలనే పశుపోషక జాతివాళ్ల పశువులకు టీకాలు వేసిన సంగతి ఒక్క ముక్కలో చెప్పాను. ఆ ఒక్క ముక్క మీదే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి గేదెల, గొర్రెల సందేహాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ శీర్షిక మొత్తం డింకాలకే కేటాయిస్తున్నాను.

డాక్టర్ గారూ, మా యూనివర్సిటీలో దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన 'మేం డింకాలం, మాది బోర్ దగ్గర' అంటారు. మ్యాపులో చూస్తే అక్కడంతా చిత్తడి నేలే. అంత నీళ్లలో పశువులు ఎలా బతుకుతాయి?
– మౌనిక, తార్నాక

ఆ నీళ్ల వల్లే బతుకుతాయమ్మా. తెల్ల నైలు నది ఉగాండా వైపు నుంచి జూబా మీదుగా వచ్చి, బోర్ దాటాక వాలు లేని నేలలో పడుతుంది. అక్కడ ఒడ్డులంటూ ఉండవు. నది పాయలు పాయలుగా విడిపోయి, జమ్ము, పపైరస్ గడ్డి మధ్య వందల కిలోమీటర్లు పరుచుకుంటుంది. దాని పేరు సుడ్. నైలు తెచ్చిన నీళ్లలో సుమారు సగం అక్కడే ఆవిరైపోతుంది.

వానాకాలంలో డింకాలు కాస్త మెరక మీదున్న ఊళ్లలో ఉంటారు. జొన్న వేస్తారు. పశువుల కోసం గోపురంలా ఎత్తయిన పెద్ద గడ్డి కొట్టాలు కడతారు. వానలు వెనకబట్టి మెరక మీద గడ్డి ఎండిపోయేసరికి, నది తగ్గిన చోట పచ్చటి మేత బయటపడుతుంది. ఆ నేలను వాళ్లు తోయిచ్ అంటారు. డిసెంబరు, జనవరి నాటికి కుర్రాళ్లు, ఆడపిల్లలు మందలను తోలుకుని అక్కడికి దిగుతారు. మళ్లీ తొలకరి పడ్డాకే ఇల్లు. ఎండాకాలమంతా పాలు, చేపలు, ఊరి నుంచి తెచ్చుకున్న జొన్నలు వాళ్ల తిండి.

డింకాలు తమను తాము జియెంగ్ అని చెప్పుకుంటారు. దక్షిణ సూడాన్‌లో అందరికంటే పెద్ద జాతి వాళ్లదే. వాళ్లందరికీ కలిపి రాజు అంటూ ఎప్పుడూ లేడు. రేక్, అగార్, మలువల్, ట్విచ్, బోర్, ఙోక్ అంటూ శాఖలు, మళ్లీ వాటిలో శాఖలు. చేపల ఈటె పట్టుకునే పూజారి వంశాల వాళ్లు పోట్లాటలు తీరుస్తారు, వాన కోసం, పశువుల కోసం ప్రార్థన చేస్తారు. మీ సీనియర్‌ది నైలుకు తూర్పు ఒడ్డు. నేను పనిచేసింది పడమటి వైపు, రుంబెక్ చుట్టుపక్కల అగార్ డింకాల దగ్గర. భాష ఒకటే అయినా యాస తేడా బాగా ఉంటుంది.

పెళ్లికి ఆవులిచ్చి పిల్లను తీసుకుంటారని చదివాను. ఇది అమ్ముకోవడం కాదా? నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు, చదివి మనసు పాడైపోయింది.
– విజయలక్ష్మి, మలక్‌పేట

మీ బాధ అర్థమైంది. ముందు ఆ ఆవులు ఎవరివో, ఎక్కడికి పోతాయో చెబుతాను. పెళ్లికొడుకు ఒక్కడే వాటిని ఇవ్వలేడు. తండ్రి, బాబాయిలు, మేనమామలు, అంతకుముందు వాళ్ల సాయం తీసుకున్న చుట్టాలు తలా కొన్ని తెస్తారు. ముప్ఫై దగ్గర్నుంచి వంద దాకా, కలిగినవాళ్లయితే ఇంకా ఎక్కువ. అటువైపు కూడా పిల్ల తండ్రికే అన్నీ దక్కవు. ఆమె మేనమామలకు, బాబాయిలకు, అన్నదమ్ములకు ఎవరి వాటా వాళ్లకు ఉంటుంది. ఆ ఆవులతోనే రేపు ఆమె అన్నకు పెళ్లవుతుంది. అందువల్ల కాపురం చెడితే పదిమంది ఇళ్లలో పశువులు కదలాలి, పెద్దమనుషులంతా దిగివచ్చి సర్దిచెప్పడానికి చూస్తారు.

ఇది ఒక వైపు. రెండో వైపు కూడా చెప్పాలి. ఆవుల లెక్క పెరిగేకొద్దీ చదువుకునే పిల్లను బడి మాన్పించి పెళ్లి చేసేయడం ఉంది. ఆమె ఇష్టం అడగకపోవడం ఉంది. అన్ని ఆవులు కూడగట్టలేని కుర్రాళ్లు తుపాకీ పట్టుకుని పక్కవాళ్ల మందల మీద పడటం ఉంది. ఈ అన్యాయం గురించి అక్కడి చదువుకున్న ఆడవాళ్లే గట్టిగా మాట్లాడుతున్నారు. నేను వాళ్ల పక్షమే.

అయితే డింకాకు ఆవంటే డబ్బు మూట అనుకుంటే పొరపాటు. నేను కళ్లారా చూసింది చెబుతాను. సాయంత్రం మందలు తిరిగొచ్చేసరికి పిల్లలు పొద్దున ఎండబెట్టిన పేడను కుప్పలు పోసి నిప్పు పెడతారు. దోమలు రాకుండా ఆ పొగ రాత్రంతా కమ్ముకుని ఉంటుంది. ప్రతి ఆవుకూ ఒక గుంజ, ఒక తాడు. వందల పశువుల్లో ఏదీ తడుముకోకుండా నేరుగా తన గుంజ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. చల్లారిన బూడిదను వాటి ఒంటికి, కొమ్ముల మొదళ్లకు రుద్దుతారు. వాళ్లూ పూసుకుంటారు, దాంతోనే పళ్లు తోముకుంటారు. పాలు పితికేది ఆడవాళ్లు, చిన్నపిల్లలు. నుదుటి మీద గాట్లు పెట్టించుకుని పెద్దవాడైన మగవాడు పొదుగు ముట్టడు.

అలా పెద్దవాడైన కుర్రాడికి ఇంట్లోవాళ్లు ఒక ఎద్దును ఇస్తారు. దాని రంగును బట్టి అతనికీ ఒక పేరు వస్తుంది. దాని మెడకు గంట, కొమ్ముకు కుచ్చు కట్టి, దాని మీద తానే పాట కట్టి పాడుకుంటూ శిబిరం చుట్టూ తిప్పుతాడు. దీపావళి వెళ్లాక నారాయణగూడ సదర్‌లో దున్నపోతును నడిపించే యాదవ కుర్రాడి మొహంలో కనిపించే మెరుపే ఆ డింకా కుర్రాడి మొహంలోనూ చూశాను. మాంసం కోసం ఆవును కోయడం వాళ్లకు నచ్చని పని. జబ్బు చేసినప్పుడో, పెళ్లికో, పెద్దలకు మొక్కు చెల్లించడానికో బలి ఇస్తేనే మాంసం తింటారు.

మేం వెళ్లింది రిండర్‌పెస్ట్ కోసం. ఆ జబ్బు వస్తే మందలకు మందలే తుడిచిపెట్టుకుపోయేవి. యుద్ధం జరుగుతున్న చోట కరెంటు ఉండదు, ఫ్రిజ్ ఉండదు. ఎండకు కొన్నాళ్లు తట్టుకునే టీకా వచ్చాక, ఆ ఊళ్ల కుర్రాళ్లకే సూది వేయడం నేర్పించారు. 1993లో ఒక్క ఏడాదిలోనే దక్షిణ సూడాన్‌లో పది లక్షలకు పైగా పశువులకు టీకాలు పడ్డాయి. 2011లో ప్రపంచం నుంచే ఆ జబ్బు పోయిందని ప్రకటించారు. రాజేంద్రనగర్ కాలేజీలో మేం పుస్తకం చూసి బట్టీపట్టిన జబ్బు అది. దాన్ని సాగనంపడంలో ఒంటినిండా బూడిద పూసుకున్న ఆ కుర్రాళ్ల చేయి ఉందని ఎక్కడికెళ్లినా చెబుతాను.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. నైలు మీద జాంగ్లీ కాలువ సగంలో ఆగిపోయిందని విన్నాను. అంత నీరు ఆవిరైపోతుంటే కాలువ తవ్వడం తప్పెలా అవుతుంది?
– రామచంద్రరావు, దిల్‌సుఖ్‌నగర్

రావు గారూ, మీ వృత్తిలోంచి చూస్తే ప్రశ్న న్యాయమైనదే. కైరోలో, ఖార్టూమ్‌లో కూర్చున్న ఇంజనీర్లూ ఇలాగే లెక్కేశారు. 1904లో బ్రిటిష్ ఇంజనీరు గార్‌స్టిన్ ఇచ్చిన నివేదికలోనే ఈ ఆలోచన ఉంది. బోర్ దగ్గర నైలును మళ్లించి, సుడ్‌ను తప్పించి, సోబాత్ నది కలిసే చోటికి నేరుగా 360 కిలోమీటర్ల కాలువ తీయాలని పథకం. ఏటా 4.7 బిలియన్ ఘనపు మీటర్లు మిగులుతాయన్నారు. మన లెక్కలో 165 టీఎంసీల పైమాట. ఈజిప్టు, ఉత్తర సూడాన్ పొలాలకు ఆ నీళ్లు కావాలి.

1974లో ఒప్పందం బయటికి రాగానే జూబాలో విద్యార్థులు రోడ్డెక్కారు. లక్షల మంది ఈజిప్టు రైతులను తెచ్చి కాలువ గట్టున దించుతారని పుకారు పుట్టింది. 1978లో తవ్వకం మొదలైంది. ఫ్రెంచ్ కంపెనీలు తెచ్చిన చక్రాల తవ్వుడు యంత్రం అంతకుముందు పాకిస్తాన్‌లో చష్మా–జీలం కాలువ తవ్విందే. అయిదారు అంతస్తుల ఎత్తు ఉంటుంది. సుమారు 250 కిలోమీటర్ల దాకా తవ్వింది. 1983 మే నెలలో బోర్‌లోని సైనికులు తిరగబడ్డారు, రెండో అంతర్యుద్ధం మొదలైంది. 1984లో తిరుగుబాటుదళం కాలువ శిబిరం మీద దాడి చేయడంతో పని ఆగింది. ఆ యంత్రం తుప్పు పట్టి ఇప్పటికీ అక్కడే ఉంది.

తిరుగుబాటుదళం నాయకుడు జాన్ గరాంగ్ ట్విచ్ డింకా. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో 1981లో ఆయన డాక్టరేట్ తీసుకున్నది ఈ జాంగ్లీ ప్రాజెక్టు ప్రాంతం మీదే. కాలువను ఆపించినవాడు దాని గురించి ఏమీ తెలియనివాడు కాదు.

ఇక మీ ప్రశ్నకు. ఆవిరయ్యే నీరు వృథా అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. వరద ఎంత మేర పరుచుకుని వెనక్కి తగ్గితే అంత మేర తోయిచ్ పచ్చబడుతుంది. వరద తగ్గితే గడ్డి తగ్గుతుంది, చేపలు తగ్గుతాయి. డింకాలు, వాళ్ల పొరుగు జాతులైన న్యుయెర్లు, షిల్లుక్‌లు అందరి ఎండాకాలం దాని మీదే. పైగా ఊళ్లు కాలువకు ఒక పక్క, మేత ఇంకో పక్క పడతాయి. వంతెనలు కడతామన్నారు, యంత్రం మాత్రం వంతెనల కోసం ఆగలేదు. నీళ్లు రాని ఆ గాడి ఇప్పుడు వానకు బురదగుంటై, దాటబోయిన జంతువులు అందులో పడి చస్తున్నాయి. డిజైను గీసే ముందు జనవరిలో ఒక్కసారి ఆ మందల వెంట నడిచి ఉంటే కాలువ గీత వేరుగా ఉండేదని నా నమ్మకం.

2022లో ఈ కాలువను మళ్లీ తవ్వాలన్న మాట వచ్చింది. ఈసారి కారణం వరదలు. జూబాలో చదువుకున్నవాళ్లు సంతకాలు సేకరించి వద్దన్నారు.

మా అక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు, ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో అబ్యేయ్ వెళ్లాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఆ ఊరు ఏ దేశానిది, గొడవ దేనికి?
– శ్రీనివాస్, ఆల్వాల్

మీ మేనల్లుడు క్షేమంగా తిరిగి రావాలి. ఏ దేశానిదన్నదే తేలలేదు, గొడవంతా దానికే. అబ్యేయ్ ఙోక్ డింకాల నేల. ఉత్తరం నుంచి మిస్సెరియా అనే అరబ్బు పశుపోషకులు ఏటా ఎండాకాలంలో మందలతో అక్కడి నది దాకా దిగుతారు. ఆ నదిని డింకాలు కీర్ అంటారు, మిస్సెరియాలు బహర్ అల్ అరబ్ అంటారు. మందల మీద దాడుల గురించి డింకాలు మొరపెట్టుకుంటే, 1905లో బ్రిటిష్ పాలకులు ఙోక్‌ల తొమ్మిది శాఖలను ఉత్తరాన కోర్డోఫాన్ పాలన కిందికి మార్చారు. ఇద్దరినీ ఒకే అధికారి చూసుకుంటే పోట్లాటలు తగ్గుతాయని వాళ్ల ఉద్దేశం. ఙోక్ పెద్ద డెంగ్ మజోక్, మిస్సెరియా పెద్ద బాబో నిమిర్ స్నేహితులు, వాళ్ల కాలంలో ఏటా మేత దారులు కూర్చుని తేల్చుకునేవారు.

సూడాన్ స్వతంత్రమయ్యాక ఉత్తర, దక్షిణాల మధ్య యుద్ధం ముదిరే కొద్దీ ఆ మాటమంచి పోయింది. ఙోక్‌లను దక్షిణంలో కలపాలా అని ఓటు పెడతామని 1972 ఒప్పందంలో రాశారు, పెట్టలేదు. 2005 శాంతి ఒప్పందంలో మళ్లీ రాశారు. ఈలోగా చుట్టుపక్కల చమురు పడింది. (అక్కడ చమురు తీసే కంపెనీలో మన ఓఎన్‌జీసీ విదేశ్ 2003లో 25 శాతం వాటా కొంది.) సరిహద్దు తగాదా హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2009 జులైలో తీర్పు వచ్చింది, హెగ్లిగ్ చమురు బావులు అబ్యేయ్ హద్దుకు అవతల ఉన్నాయని తేల్చారు. 2011 జనవరిలో దక్షిణ సూడాన్ అంతా ఓటేసి, దాదాపు 99 శాతంతో విడిపోయింది. అబ్యేయ్‌లో మాత్రం ఓటు జరగలేదు. ఏడాదిలో కొన్ని నెలలే ఉండే మిస్సెరియాకు ఓటు ఉందా లేదా అన్నది తేలలేదు.

ఆ మే నెలలో సూడాన్ సైన్యం ఊరిని ఆక్రమించింది. ఇళ్లు తగలబడ్డాయి, లక్ష మంది దాకా కీర్ దాటి దక్షిణానికి పారిపోయారు. జూన్‌లో ఐక్యరాజ్యసమితి అక్కడికి దళాన్ని ఏర్పాటు చేసింది, మొదట్లో దాదాపు అంతా ఇథియోపియా సైనికులే. 2023 జనవరిలో మన దేశం అక్కడికి పంపిన బృందంలో మహిళా జవాన్ల ప్లటూన్ కూడా ఉంది.

మీకు ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. అబ్యేయ్‌కు ఉత్తరాన అమియెత్ అనే సంతను 2016 నుంచి ఙోక్‌లు, మిస్సెరియాలు కలిసి నడుపుతున్నారు. పశువులు, ఉప్పు, పంచదార, బట్టలు అక్కడ చేతులు మారతాయి. అది మూతపడకుండా చూడటం శాంతిదళం పనుల్లో ఒకటి. అలాగని గొడవలన్నీ అరబ్బులకు, డింకాలకు మధ్యే అనుకోకండి. 2022 నుంచి ఙోక్‌లు, దక్షిణాన ఉన్న ట్విచ్ డింకాలు నేల కోసం తమలో తామే చంపుకున్నారు.

డింకాలు పాపం అన్నట్టు రాశారు. అధ్యక్షుడు వాళ్లవాడే కదా?
– ఖలీల్, టోలిచౌకి

అవును, దక్షిణ సూడాన్ అధ్యక్షుడు సల్వా కీర్ గోగ్రియల్ వైపు డింకా. 1991లో బోర్ దగ్గర డింకాలను న్యుయెర్ దళాలు వేలల్లో చంపాయి. 2013 డిసెంబరులో జూబాలో డింకా సైనికులు ఇల్లిల్లూ వెతికి న్యుయెర్లను చంపారు. రెండూ జరిగాయి, రెండూ ఘోరాలే. టోలిచౌకిలో మీ పక్కింట్లో ఉన్న దక్షిణ సూడాన్ కుర్రాళ్లలో రెండు జాతుల వాళ్లూ ఉండొచ్చు. దయచేసి మొదటి పరిచయంలోనే 'నువ్వు ఏ జాతి' అని అడగకండి. ఊళ్లో పశువులు ఎలా ఉన్నాయని అడగండి. వాళ్లే గంటసేపు చెబుతారు.

ఆ కబుర్లు ఇప్పుడు అంత బాగుండవు. 2019 నుంచి వరుసగా వచ్చిన వరదలకు బోర్ ఉన్న జాంగ్లీ రాష్ట్రంలో మెరక ఊళ్లు కూడా మునిగాయి, పశువులు లెక్కలేనన్ని చచ్చాయి. బోర్ డింకాలు మిగిలిన మందలతో దక్షిణాన ఈక్వటోరియాకు వెళ్లారు. అక్కడివాళ్లు సేద్యగాళ్లు. మందలు చేలల్లో పడటంతో మగ్వి ప్రాంతంలో రైతులు ఊళ్లు ఖాళీ చేసి పారిపోయారు. ఆ రైతులదీ న్యాయమే, వెనక్కి తోలడానికి మేత లేని డింకాదీ న్యాయమే. రెండు పక్షాల పెద్దల్నీ కూర్చోబెట్టి ఏ నెలలో ఏ దారిన మందలు నడవాలో రాయించే పని జూబా ప్రభుత్వం చేయాలి. బోర్ చుట్టూ కట్టలు బలంగా వేసే దాకా ఆ మందలు ఇంటికి పోలేవు.