సాహిత్యం, రాజకీయం, సమాజం: ఒకే వ్యాసంలో ఎలా?

"ఈ అంశం మీద ఎప్పుడు రాసినా వ్యాసం మూడు ముక్కలవుతోంది, ఏం చేయాలి?" అని అడిగారు. మూడు ఉపశీర్షికలు పెట్టి, ఒక్కోదాని కింద తెలిసిందంతా కుమ్మరిస్తే అలాగే అవుతుంది. ఒక్క రచన పట్టుకోండి, మూడూ అందులోంచే లాగండి.

నా మాట వింటే గురజాడ నాటకం కన్యాశుల్కం తీసుకోండి. గిరీశాన్ని పక్కన పెట్టండి, అతని గురించి అందరూ రాస్తారు. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చదవండి. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలకు, అంటే వరుడి వైపు డబ్బిచ్చి పిల్లను కొనుక్కునే పెళ్లిళ్లకు, విజయనగరం ఆనంద గజపతి మహారాజు జాబితా తీయించారు. మూడేళ్లలో జరిగినట్టు తేలినవి 1,034. పెళ్లయిన వాళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6. ఏడాది పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు! ఈ అంకెలతోనే వ్యాసం మొదలుపెట్టండి. 'సాహిత్యం సమాజానికి దర్పణం' అన్న అరిగిపోయిన వాక్యం దయచేసి వద్దు.

రాజకీయం అనగానే పార్టీలు, ఎన్నికల వైపు వెళ్లిపోతారు. ఇక్కడ రాజకీయమంటే చట్టం ఎవరి చేతిలో ఉంది, రచయితకు జీతం ఎవరిస్తున్నారు అన్నది. గురజాడ విజయనగరం మహారాజా కళాశాల అధ్యాపకుడు, పుస్తకం అంకితమిచ్చింది ఆ మహారాజుకే. శుల్కాన్ని ఆపేందుకు ఆ మహారాజు మద్రాసు శాసనమండలిలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. చట్టంతో కాని పని నాటకానికి మిగిలింది. జనానికి చదివే అలవాటు లేనప్పుడు రంగస్థలమే దిక్కని పీఠికలోనే ఉంది. మీ వ్యాసానికి వెన్నెముక ఇదే, సగం చోటు దీనికే ఇవ్వండి.

చాలామంది జారిపడేది దీని తర్వాతే: 'ఈ నాటకంతో దురాచారం అంతమైంది' అని రాసేస్తారు. నాటకం మొదటి ప్రదర్శన 1892లో. ఆడపిల్లకు పెళ్లి వయసు 14 ఏళ్లుగా పెట్టిన శారదా చట్టం 1929లో. మధ్యలో 37 ఏళ్లు. అదైనా వయసునే పట్టుకుంది, శుల్కాన్ని కాదు. ఈలోగా బేరం తిరగబడి వరకట్నమైంది, దాని నిషేధ చట్టానికి 1961 దాకా ఆగాల్సి వచ్చింది. రచనకూ చట్టానికీ మధ్య అన్నేళ్లు ఎందుకు పట్టిందో చెప్పగలిగితే మార్కులు అక్కడే పడతాయి.

గైడు పుస్తకాలు పేరాకో కవి పేరు, పేజీకో కొటేషన్ అలవాటు చేసి వ్యాసాన్ని చంపేశాయి. వెయ్యి పదాల్లో రెండు ఉల్లేఖనాలు చాలు. కచ్చితంగా గుర్తులేని పాదాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టొద్దు, సారాంశం మీ మాటల్లో రాయండి.