వాల్ట్జ్‌కి పాట కుదరట్లేదన్న రాయగడ చెల్లెమ్మకు

చెల్లెమ్మా, యాన్యువల్ డేకి వేసే వాల్ట్జ్‌లో (జంటగా గుండ్రంగా తిరుగుతూ వేసే పాశ్చాత్య నృత్యం) మీ అమ్మాయి అడుగు మాటిమాటికీ తప్పుతోందని రాశారు. తప్పు పిల్లది కాదు, పాటది. మీరు పంపిన పాటది నాలుగు దెబ్బల నడక, వాల్ట్జ్‌కి మూడు కావాలి. పాట పెట్టి, ఒకటి గట్టిగా, రెండూ మూడూ మెల్లగా చప్పట్లు కొట్టి చూడండి. రెండో వరుసకే ‘ఒకటి’ జారిపోతే, ఎంత ఇష్టమైన పాటైనా వదిలేయండి. మీ వైపు భజనల్లో తబలా వాయించేవాళ్ళని దాద్రా తాళం వాయించమనండి. ఆ ఆరు మాత్రలు మూడేసిగా విరుగుతాయి, లెక్క పిల్ల చెవిలో పడిపోతుంది.

ఇక వేగం. పోటీల్లో స్లో వాల్ట్జ్ నిమిషానికి 84-90 దెబ్బలు. ఫోన్‌లో 15 సెకన్లు పెట్టి లెక్కపెట్టండి. 21, 22 వస్తే చాలు. 40 దాటితే అది వియన్నీస్ వాల్ట్జ్ అనే జోరు రకం వేగం, కొత్తవాళ్ళకి ఊపిరాడదు.

మీ చిన్నవాడి స్కేటింగ్‌కీ పాట అడిగారు కదా, దానికి తాళం కన్నా పాటలో ఎత్తుపల్లాలు ముఖ్యం. దూకే చోట సంగీతం కూడా లేవాలి. మాటలున్న పాట వద్దన్నారా? ఐస్ మీద జరిగే అంతర్జాతీయ పోటీల్లోనే, ఒక్కరే చేసే సింగిల్స్‌లో మాటలున్న పాటని 2014 నుంచి ఒప్పుకుంటున్నారు. టెన్షన్ పడకుండా పెట్టండి. పాటని కత్తిరించేటప్పుడు మాత్రం చరణం మధ్యలో తెంపకండి.